పండుమిరపకాయలు చెప్పిన సంగతి

ప్రోతరాపూర్‌లో మేముండే ఇంటి వెనుక చిన్న పెరడు ఉన్నది. శ్రీకాకుళం నుండి తెచ్చుకున్న విత్తనాలతో మా శ్రీమతి ప్రతి సంవత్సరం అందులో మిరప వేస్తుంది. వానలు వెనుకబట్టిన తరువాత, జనవరి మొదలుకొని ఆ మొక్కలు విరగకాస్తాయి. 2018 మార్చిలో ఒక ఆదివారం ఉదయం కొరివికారం పట్టదలచి, పండిన కాయలు మాత్రమే కోసుకొని రమ్మని ఆమె మా చేతికొక పళ్లెం ఇచ్చినది. పావుగంటలో పళ్లెం నింపి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాము. ఆమె చూచి నవ్వినది.

"ఏమండీ, పండ్లు కోయమంటే సగం పచ్చివే కోసుకొచ్చారు. ధ్యాస ఎక్కడున్నది?" అన్నది.

మేము మళ్లీ పళ్లెంలోకి చూచాము. అందులోని కాయలన్నీ మాకు ఒకే తీరుగా, వెలిసిపోయిన మట్టిరంగులో కనిపించాయి. ఏది పండో, ఏది పచ్చో చెప్పలేకపోయాము. మా ముఖం చూచి ఆమె నవ్వు ఆపినది. ఒక పండును, ఒక పచ్చికాయను చెరొక చేతిలో పట్టుకొని, "ఇదేమిటి? ఇదేమిటి?" అని చిన్నపిల్లవానిని అడిగినట్లు అడిగినది. మేము జవాబు చెప్పలేదు.

ఈ వ్యాసం వ్రాయుచున్నది వైద్యుడు కాదు. ముప్పై ఏండ్లుగా తీగలతో, యంత్రాలతో కాలక్షేపం చేసిన ఒక ఇంజనీరు. అయినను మన ఉద్యోగ సోదర సోదరీమణులకు, వారి ఇంట్లోని పెద్దలకు, ముఖ్యంగా బి.పి., షుగరు, కీళ్లనొప్పులు, ఉబ్బసం వంటి వాటికి ఏండ్ల తరబడి మందులు వాడేవారికి ఈ అనుభవం పనికి రాగలదన్న ఉద్దేశంతో ఇంటి సంగతి నలుగురిలో చెప్పుకొనుచున్నాము.

ఆ సంగతి మిరపకాయలతో మొదలు కాలేదు. 2017 నవంబరులో మాకు క్షయ అని తేలినది. నెల రోజులు విడువని దగ్గు, సాయంత్రం జ్వరం, తగ్గిన బరువు చూచి పరీక్షలు చేయించగా ఊపిరితిత్తులలో క్షయ ఉన్నదన్నారు. క్షయకు వారానికి మూడు రోజులు మందులిచ్చే పాత పద్ధతి పోయి, ప్రతిదినం మాత్రలు మింగే పద్ధతి ఆ సంవత్సరమే దేశమంతటా వచ్చినది. మందులు ఉచితంగా ఇచ్చారు. మొదటి రెండు నెలలు ఒకే మాత్రలో నాలుగు మందులు: ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప మిగిలిన మూడు. బరువును బట్టి మాకు రోజుకు నాలుగు మాత్రలు.

మందు మొదలుపెట్టిన రెండవ రోజున మూత్రం ఎర్రబారినది. అది రిఫాంపిసిన్ రంగు అనియు, చెమటకు, కన్నీటికి కూడా ఆ రంగు రావచ్చుననియు, భయపడనక్కరలేదనియు నర్సమ్మగారు ముందే చెప్పారు. అందుచేత భయపడలేదు. ఒక మాత్ర ప్రభావం కన్నీటి దాకా వెళ్లగలదని ఆనాడే మాకు తెలిసినది. అయినను కంటి దాకా వెళ్లగలదని తోచలేదు. ఆనాడు ఇచ్చిన కాగితంలో చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా వెంటనే చెప్పవలెనని ఒక వాక్యం ఉన్నది. ఆ కాగితాన్ని మడిచి ఫైలులో పెట్టుకున్నాము. యంత్రంతో వచ్చిన పుస్తకం చదువకుండా స్విచ్చి మీద చేయి వేయరాదని ప్రతి కొత్త బ్యాచికి పాఠం చెప్పే మేము, మా ఒంట్లోకి వెళ్లే మందు కాగితాన్ని చదువలేదు.

జనవరి నాటికి దగ్గు పోయినది, ఆకలి తిరిగి వచ్చినది. ఫిబ్రవరిలో పత్రిక చదువుతుంటే అక్షరం నడుమ మసక కనిపించినది. వయస్సు యాభై కావచ్చినది కదా, అద్దాలు మార్చవలసి ఉంటుందనుకొని కొత్త కళ్లజోడు చేయించాము. మసక పోలేదు. అద్దాల షాపువాడిని నిందించి మరొక జత చేయించాము.

ఆ రోజులలోనే ఒక పొరపాటు జరిగినది. టెలిఫోను కేబులులో వందలాది సన్నని రాగితీగలు జంటలు జంటలుగా ఉంటాయి. ఏ జత ఏదో రంగులను బట్టి గుర్తించవలెను. మొదటి అయిదు జతలలో తెలుపుతోపాటు వరుసగా నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిదరంగు తీగలు వస్తాయి. తరువాతి అయిదు జతలలో తెలుపు స్థానంలో ఎరుపు వస్తుంది. ఆ లెక్కన ఎనిమిదవ జత ఎరుపు–ఆకుపచ్చ, తొమ్మిదవ జత ఎరుపు–గోధుమ. ఈ వరుస మాకు నిద్రలో అడిగినా నోటికి వస్తుంది. ఒక సాయంత్రం వర్షానికి చెడిపోయిన జాయింటును మా యువ టెక్నీషియను తిరిగి కట్టుచుండగా, ఎనిమిదవ జత స్థానంలో తొమ్మిదవది కలిపాడని మాకు కనిపించినది. "కళ్లు ఎక్కడ పెట్టుకొని పని చేస్తున్నావు?" అని నలుగురిలో కోప్పడి, అతడు కట్టినది విప్పి మా చేతులతో మేమే మార్చి కట్టాము. అతడు ఒక క్షణం మా వైపు చూచి తల దించుకున్నాడు.

మరునాడు ఆ రెండు నెంబర్ల గురించి ఫిర్యాదు రాలేదు. రాకపోవడం వలన మా మాటే నిజమని గట్టిపడినది. ఆ రాత్రి పొద్దుపోయిన తరువాత అతడు టార్చిలైటు పట్టుకొని ఒంటరిగా వెళ్లి, మేము తప్పుగా కలిపిన జతలను సరిచేసి వచ్చాడని, ఎవరితోను అనలేదని చాలా రోజులకు తెలిసినది.

మిరపకాయలు కోసిన నాడు మాకు ముందుగా జ్ఞాపకం వచ్చినది ఆ కుర్రవాని ముఖమే.

సోమవారం ఉదయమే క్షయ మందులిచ్చే డాక్టరుగారి వద్దకు వెళ్లాము. ఆయన మాట పూర్తి కాకముందే చీటీ వ్రాసి నేత్రవైద్యుల వద్దకు పంపారు. ఆయన గోడమీది అక్షరాలు చదివించారు. పెద్ద అక్షరాలు తప్ప చదువలేకపోయాము. తరువాత రంగు చుక్కల పుస్తకం మా ముందు పెట్టారు. జపానుకు చెందిన ఇషిహారా అనే నేత్రవైద్యుడు 1917లో ప్రచురించిన పుస్తకం అది. చుక్కలలో దాగిన అంకెలను చదవవలెను. ఉద్యోగంలో చేరిననాటి వైద్యపరీక్షలో మేము ఆ పుస్తకాన్ని తడుముకోకుండా చదివినవారమే. ఆ సోమవారం మొదటి పుట దాటిన తరువాత మాకు చుక్కలు తప్ప అంకెలు కనిపించలేదు.

కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి, లోపల దీపం వేసి చూచి, "నరం చూడడానికి బాగానే ఉన్నది. అదే ఇందులో మోసం. తొలిదశలో డాక్టరుకు ఏమీ కనిపించదు, రోగికి మాత్రమే తెలుస్తుంది. మీరు చెప్పకపోతే మాకు తెలిసే మార్గం తక్కువ" అన్నారు.

ఆయన విప్పి చెప్పిన సంగతిని మా వృత్తి భాషలో ఇట్లా వ్రాసుకున్నాము. కంటి నుండి మెదడుకు పోయే దృష్టినాడి ఒక కేబులు. అందులో పది, పన్నెండు లక్షల తంతువులు ఉంటాయి. ఇథాంబ్యుటాల్ కొద్దిమందిలో ఆ తంతువులను దెబ్బ తీస్తుంది. ముందుగా దెబ్బ తినేవి చూపు నడిబొడ్డుకు, రంగుల గుర్తింపుకు సంబంధించినవి. అందుకే అక్షరం నడుమ మసక, ఎరుపు–ఆకుపచ్చల తికమక. సాధారణంగా రెండు కళ్లకూ కలిపి వస్తుంది, నొప్పి ఉండదు, మందు మొదలుపెట్టిన రెండు నెలలకో ఆ తరువాతనో బయటపడుతుంది. మోతాదు పెరిగినకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఈ మందుకు రాగి వంటి లోహాలను పట్టుకొనే గుణం ఉండడం ఇందుకు ఒక కారణం కావచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయమట. జీవితమంతా రాగితీగలతో గడిపిన మాకు ఆ మాట విచిత్రంగా తోచినది.

మా మోతాదు బరువుకు తగినదే. మరి మాకే ఎందుకు వచ్చినది? రక్తపరీక్షలో ఆ జవాబు దొరికినది. ఈ మందును శరీరం నుండి ప్రధానంగా బయటకు పంపేవి మూత్రపిండాలు. పదేండ్ల బి.పి. వలన మా మూత్రపిండాల పని కొంత మందగించి ఉన్నది. మేమెరుగము. లోపలికి వచ్చే నీరు సమానంగానే ఉన్నా, బయటకు పోయే గొట్టం సన్నబడితే ట్యాంకులో మట్టం పెరుగుతుంది కదా. అట్లే జరిగినది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఇథాంబ్యుటాల్ చెడ్డ మందు కాదు. అది 1961లో అమెరికాలోని లెడర్లె ప్రయోగశాలలో వెలికివచ్చినది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో మరణించే వరకు పరిశోధనలకు సారథ్యం వహించిన సంస్థ అదే. నాలుగు మందులు కలిపి వాడడం వలననే క్షయక్రిమి మందుకు లొంగకుండా మొండికెత్తే ప్రమాదం తగ్గినది. వాడినవారిలో అధికసంఖ్యాకులకు కన్నుకు ఏ హానీ జరుగదు. భయపడి మాత్రలు తమంతట తాము మానివేస్తే క్షయ తిరగబెట్టి, మందులకు లొంగని రూపంలో వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. మాకు డాక్టరుగారు ఆ ఒక్క మందును ఆపి, మిగిలిన చికిత్సను తగురీతిగా మార్చి పూర్తి చేయించారు. ఏది ఆపవలెను, దాని స్థానంలో ఏమి చేయవలెను అన్నది ఆయన నిర్ణయించవలసిన సంగతి. చూపులో తేడాను ఆలస్యం లేకుండా చెప్పుట మా బాధ్యత. మేము నెల రోజులకు పైగా ఆలస్యం చేశాము.

చూపు తిరిగి వస్తుందా అని అడిగాము. "చాలామందికి వారాలలోనో నెలలలోనో వస్తుంది. అందరికీ పూర్తిగా రాదు" అన్నారు. తరువాత ఒక కాగితం ఇచ్చి, "మీ ఇంట్లో ఉన్న మందులన్నీ, మీవే కాదు, అందరివీ, పేరు, మోతాదు, ఎన్నాళ్లుగా వాడుచున్నారు, ఎవరు వ్రాశారు, ఈ నాలుగు గడులు గీసి వ్రాసుకొని రండి. మీరు ఇంజనీరు కదా, లాగుబుక్కు అనుకోండి" అన్నారు.

ఆ రాత్రి మందులుండే బిస్కెట్ల డబ్బాను భోజనాల బల్లమీద బోర్లించాము. మాకు చిన్న అక్షరాలు కనబడవు గనుక, ఇంటర్మీడియట్ చదువుచున్న మా అమ్మాయి ఒక్కొక్కటి తీసి చదువుచుండగా వాళ్లమ్మ వ్రాయసాగినది. మా బి.పి. మాత్ర, ఆమె థైరాయిడు మాత్ర, జలుబు మాత్రలు. అడుగున కాగితం సంచిలో రబ్బరుబ్యాండు చుట్టిన నాలుగు కంటిచుక్కల సీసాలు ఉన్నాయి. అవి ఆ ఇంట్లో ఎవరివీ కావు. మరుసటి వారం ఓడలో విశాఖపట్నం వెళ్లే మిత్రుని చేత మా అమ్మగారికి పంపడానికి కొన్నవి.

మా అమ్మగారు శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్లో తమ్ముని వద్ద ఉంటారు. 2015 వేసవిలో ఆమె కళ్లు ఎర్రబడి విపరీతంగా దురద పెట్టగా, పట్టణంలో ఒక డాక్టరు చుక్కలు వ్రాసి, రెండు వారాలు వేసుకొని మానివేయమన్నారు. దురద చేత్తో తీసివేసినట్లు పోయినది. తరువాత దుమ్ము రేగినప్పుడల్లా, నూర్పిళ్లప్పుడల్లా దురద మళ్లీ వచ్చేది. ఆమె ఖాళీ సీసా దాచుకొని మాకు ఆ పేరు చెప్పించారు. మేము ఇక్కడి మందుల షాపులో కొని పంపాము. చీటీ ఎవరూ అడుగలేదు, మేమూ ఇవ్వలేదు. అప్పటినుండి ఎవరు ఓడ ఎక్కినా ఆ సీసాలు నాలుగైదు పంపడం మాకు అలవాటయినది. సముద్రం ఇవతల ఉద్యోగం చేసే కొడుకు తల్లికి చేయగల సేవ అంతకన్న ఏమున్నదని లోలోపల సంతోషించేవారము కూడా.

అమ్మాయి పెట్టెలోని కాగితం విప్పి చదివినది. ఇది స్టెరాయిడు మందు అనియు, ఎక్కువ కాలం వాడినచో కంటి లోపలి ఒత్తిడి పెరిగి దృష్టినాడి దెబ్బతినవచ్చుననియు, శుక్లాలు రావచ్చుననియు, వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడరాదనియు అందులో ఉన్నది. ఆమె చదవడం ఆపి, "నాన్నా, నాయనమ్మ ఇది ఎన్నాళ్లనుండి వేసుకుంటోంది?" అని అడిగినది. వ్రాయవలసిన గడిలో మా శ్రీమతి కలం ఆగిపోయినది. రెండు వారాలకు వ్రాసిన మందును మేము మూడేండ్లు పంపాము.

కంటి ముందుభాగంలో ఎల్లప్పుడూ ఒక తేటనీరు ఊరుతూ, మూలన ఉన్న జల్లెడ వంటి కణజాలం గుండా బయటకు పోవుచుండును. ఊరేది, పోయేది సమానంగా ఉన్నంతవరకు ఒత్తిడి నిలకడగా ఉంటుంది. పాదరసపు కొలతలో 10 నుండి 21 మిల్లీమీటర్ల వరకు మామూలు. స్టెరాయిడు కొందరిలో ఆ జల్లెడను మందగింపజేస్తుంది. నూటికి సుమారు అయిదుగురిలో ఈ ఒత్తిడి చాలా ఎక్కువగా పెరుగుతుంది. మరికొందరిలో ఒక మోస్తరుగా పెరుగుతుంది. పెరిగిన ఒత్తిడి దృష్టినాడిని నలిపివేస్తుంది. నొప్పి తెలియదు. చూపు అంచులనుండి నడుమకు మెల్లగా తరిగిపోతుంది. దానినే నీటికాసులు అంటాము. పైగా అదే మందు దురదను తగ్గించి కన్ను బాగున్నదన్న నమ్మకం కలిగిస్తుంది. యంత్రం కాలిపోవుచుండగా గంట మోగకుండా తీగ కోసివేసినట్లు.

మరునాడే తమ్మునికి ఫోను చేశాము. అతడు అమ్మగారిని విశాఖపట్నంలో కంటి డాక్టరుకు చూపించాడు. కుడికంటిలో ఒత్తిడి 38, ఎడమకంటిలో 29. కుడికంటి నరం చాలావరకు చెడిపోయినదనియు, ఎడమకన్నును నిలుపుకోవచ్చుననియు చెప్పారు. స్టెరాయిడు చుక్కలు మాన్పించి, ఒత్తిడి తగ్గించే చుక్కలు వ్రాశారు. ఒత్తిడి తగ్గినది. పోయిన చూపు తిరిగి రాలేదు. నీటికాసులలో పోయిన చూపు రాదు.

మా చికిత్స ముగిసిన తరువాత జులైలో ఊరికి వెళ్లాము. విమానంలో ఉన్నంతసేపు ఒకటే ఆలోచన. ఆమెకు చెప్పవలెనా, వద్దా? వృద్ధాప్యం వలన చూపు పోయినదని ఆమె నమ్ముచున్నది. ఆ నమ్మకంతో ఆమె సుఖంగానే ఉన్నది. చెప్పి ఆమె మనశ్శాంతిని చెరచడమెందుకని తమ్ముడు వాదించాడు. కాని చెప్పకపోతే, దురద వచ్చినప్పుడు ఎక్కడో దాచిన పాత సీసా తీసి ఎడమకంటిలో వేసుకోదని నమ్మకమేమిటి?

మధ్యాహ్నం భోజనమయిన తరువాత వీధి అరుగు మీద కూర్చుని చెప్పాము. "అమ్మా, నీ కన్ను పోయినది ముసలితనం వలన కాదు. నేను పంపిన చుక్కల వలన" అన్నాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. మెడ పూర్తిగా పక్కకు తిప్పి, ఎడమకంటితో మమ్మల్ని చూచినది. "నేనడిగితేనే గదా పంపావు బాబూ. నాకు చల్లగా ఉండేది. నువ్వు పంపిన మందు గదా అని పొద్దునొకటి, రాత్రొకటి మరచిపోకండా ఏసుకున్నాను" అన్నది. మరి కాసేపటికి లేచి, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లి, బియ్యపు డబ్బాలోనుండి మూత తీయని సీసాలు రెండు తెచ్చి మా చేతిలో పెట్టినది.

ఆ రెండు సీసాలు ఇప్పటికీ మా ఆఫీసు సొరుగులో ఉన్నాయి.

అప్పటినుండి ఈ విషయంలో తెలిసిన వైద్యులను అడిగి తెలుసుకున్న మరికొన్ని సంగతులను సోదర ఉద్యోగుల ప్రయోజనం కొరకు ఇక్కడ వ్రాయుచున్నాము. స్టెరాయిడు చుక్కలతోనే కాక మాత్రలు, ఉబ్బసానికి పీల్చే మందులు, చర్మానికి పూసే లేపనాల వలన కూడా, ముఖ్యంగా దీర్ఘకాలం వాడినపుడు, శుక్లాలు, నీటికాసులు రావచ్చును. అయితే ఉబ్బసంవారు పీల్చే మందు మానరాదు. స్టెరాయిడు మాత్రలు అకస్మాత్తుగా మానుట ప్రాణాపాయం.

కీళ్లవాతానికి, లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏండ్ల తరబడి వాడినచో కొందరిలో రెటీనా నడిభాగం చెడుతుంది. మొదలుపెట్టిన సంవత్సరంలో ఒకసారి, అయిదేండ్లు దాటిన తరువాత ఏటేటా ప్రత్యేక కంటిపరీక్ష చేయించుకోవలెను. మూత్రపిండాల జబ్బున్నవారు ఇంకా ముందుగానే. మలేరియా భయం గల ఈ దీవులలో క్లోరోక్విన్ పేరు తెలియని ఇల్లు లేదు. 2020లో కరోనా సమయంలో దీని చెల్లెలైన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను చీటీ లేకుండా కొని దాచుకున్నవారిని మేమెరుగుదుము. కొద్దిరోజుల మలేరియా చికిత్సకు ఈ రెటీనా భయం వర్తించదు. ఏండ్ల తరబడి వాడేవారికే ఈ హెచ్చరిక.

ప్రోస్టేటు గ్రంథికి టామ్సులోసిన్ వాడే పెద్దలు శుక్లాల ఆపరేషనుకు ముందు ఆ సంగతి కంటి సర్జనుకు తప్పక చెప్పవలెను. ఆ మందు వలన ఆపరేషనులో నల్లగుడ్డు పొర సడలి ఇబ్బంది పెడుతుందని 2005లో వైద్యులు గుర్తించారు. మందు మానినా ఆ ప్రభావం పోకపోవచ్చును. ముందుగా తెలిసినచో సర్జను తగిన జాగ్రత్త తీసుకుంటారు.

పార్శ్వనొప్పికి, మూర్ఛకు ఇచ్చే టోపిరమేట్ వలన కొద్దిమందిలో మొదటి వారాలలోనే కన్ను నొప్పి, మసక, ఒత్తిడి ఒక్కసారిగా వస్తాయి. అది అత్యవసరం. కొన్ని జలుబు మాత్రలు, కడుపునొప్పి మాత్రలు కంటిలో ఇరుకుమూల ఉన్నవారికి అట్టి ప్రమాదమే తేగలవు. మామూలువారికి కళ్లు పొడిబార్చి దగ్గరి చూపు మసకపరుస్తాయి. గుండెకు ఇచ్చే డిగాక్సిన్ మోతాదు మించితే లోకం పచ్చపచ్చగా కనిపించవచ్చును.

సల్ఫా మందులు, మూర్ఛకిచ్చే కార్బమజెపైన్, యూరిక్ యాసిడ్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్ వంటివి అరుదుగా ఒళ్లంతా బొబ్బలెక్కించే స్టీవెన్స్–జాన్సన్ జబ్బును తెస్తాయి. ప్రాణం దక్కినా కంటిపొరలు అతుక్కొని చూపు పోయేవారున్నారు. కొత్త మందు వేసుకున్న కొద్ది వారాలలో జ్వరం, నోటిలో పుండ్లు, ఎర్రని కళ్లు, చర్మంపై మచ్చలు కలిసి వస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లవలెను.

ఇన్ని చెప్పి భయపెట్టుట మా ఉద్దేశం కాదు. ఈ మందులన్నీ రోజూ ఎందరికో మేలు చేయుచున్నవే. కాని స్టెరాయిడు చుక్కల వంటివి మన చట్టంలో షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి. అనగా వైద్యుని చీటీ మీదనే అమ్మవలెను. అడుగకుండా ఇచ్చేవాడు మనకు ఉపకారం చేయుట లేదు. 2023లో కళ్లకలక దేశమంతా వ్యాపించినపుడు ఇక్కడి మా ఇరుగుపొరుగువారు కూడా పాత సీసాలు పంచుకొనబోగా, మా శ్రీమతి ఇంటింటికీ తిరిగి వద్దని చెప్పినది. కళ్లకలక చాలావరకు దానంతట అది తగ్గేదే.

మందు వలన హాని కలిగినదని అనుమానం వస్తే ముందుగా మీ డాక్టరుకు చెప్పండి. అటువంటి సంగతులను నమోదు చేయడానికి 2010లో ప్రభుత్వం ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినది. రోగులు స్వయంగా 1800-180-3024 అనే ఉచిత నెంబరుకు తెలుపవచ్చును. మన ఫ్యాక్టరీలలో చిన్న ప్రమాదాన్ని కూడా రిజిస్టరులో వ్రాయడం ఎందుకో అందరికీ తెలుసును. ఇదీ అంతే.

మా చూపు సంగతి. ఏప్రిల్, మే నెలలలో మార్పు తెలియలేదు. జూన్‌లో పత్రిక శీర్షికలు తేటపడినవి. ఆగస్టులో రంగు చుక్కల పుస్తకంలో అంకెలు దాదాపు అన్నీ చదివాము. ఒకటి రెండు పుటలు నేటికీ పలుకవు. ఎరుపు మునుపటంత ఎర్రగా లేదన్న అనుమానం మాకు ఉన్నది గాని, మునుపు ఎట్లుండెనో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

ఆఫీసులో తిరిగి చేరిన నాడు, ఏ నలుగురిలో కోప్పడ్డామో ఆ నలుగురిలోనే మా టెక్నీషియనును పిలిచి, "ఆ రోజు తప్పు నాది, నీది కాదు" అని చెప్పాము. "పర్వాలేదు సార్, ఆ రాత్రే సరిచేసి వచ్చాను" అన్నాడు. అప్పుడే మాకు ఆ సంగతి తెలిసినది. "మరి ఎందుకు చెప్పలేదు?" అంటే, "మీకు చెప్పడానికి భయం వేసింది సార్" అన్నాడు. ఆలోచించగా, మా చూపు విషయం నెల రోజులు బయటపడకపోవడానికి మా మందుతోపాటు మా కోపం కూడా కొంత కారణం. ఆనాడు అతడు ధైర్యంగా "సార్, మీకు రంగులు సరిగా కనిపిస్తున్నాయా?" అని అడిగి ఉంటే మేము మూడు వారాల ముందే డాక్టరు వద్ద ఉండేవారము. అడుగనిచ్చేటట్లు మేము లేము.

నాలుగు గడుల కాగితం ఇప్పుడు మా బీరువా తలుపు లోపలి వైపు అంటించి ఉన్నది. కొత్త మందు ఇంట్లోకి వస్తే ముందు అందులో వ్రాసిన తరువాతనే సీసా మూత తీస్తాము. ఏ డాక్టరు వద్దకు వెళ్లినా దాని నకలు జేబులో ఉంటుంది. నెలకొకసారి ఒక కన్ను మూసి, మరొక కంటితో క్యాలెండరు చదివి చూచుకుంటాము. రెండు నిమిషాల పని. ఇంట్లో క్షయ మందులు వాడేవారుంటే రెండు కళ్లతోను విడివిడిగా ఒక ఎర్రని మూతను చూపించి రంగు అడుగండి. తమ చూపు గూర్చి చెప్పలేని పసిపిల్లల విషయంలో డాక్టరును ముందే అడుగండి.

మా అమ్మగారికి ఇప్పుడు ఎనభై దాటినవి. రాత్రికొక చుక్క ఎడమకంటిలో వేసుకోవలెను. ప్రతి రాత్రి తొమ్మిది గంటలకు మేము ఇక్కడినుండి ఫోను చేస్తాము. "చుక్క వేసుకున్నావా అమ్మా?" అని మేమడిగితే, "ఏసుకున్నాను బాబూ, సీసా మీద పేరు కూడా పిల్లడి చేత చదివించుకున్నాను" అంటుంది. తరువాత ఆమె అడిగే ప్రశ్న ఒకటే. "మిరపపళ్లు ఎర్రగా కనబడతన్నాయా?"

కనబడుచున్నవని చెప్తాము.